తొవ్వ చేసిన కెమెరా

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది ఆయన కూతురు. అయితే ఆమె ఫోన్ చేసింది చెప్పడానికి కాదు, అడగడానికి. నాకు తెలిసే ఉంటుందనుకుంది పాపం. పోయి నెల దాటిందట. నేనుండేది మణికొండలో, వాళ్ళది మాదాపూర్ పాత ఊరు. పొద్దున బండి మీద బయల్దేరితే టిఫిన్ వేళకి వెళ్ళి రాగల దూరం. అయినా నాకు తెలియలేదు.

"కాకా, నీ దగ్గర పాత క్యాసెట్లు ఉన్నయి గద. నాయిన ఎక్కడన్న ఒచ్చిండేమో జర చూడవా?" అంది. ఆయన నన్ను తమ్మీ అని పిలిచేవాడు కాబట్టి ఆమెకు నేను కాకని.

"ఫొటోలు లేవా అమ్మా?"

"ఫొటోలు ఉన్నయి. అన్నిట్ల ఊకెనే నిలవడ్డడు. మా పిల్లలకు నాయిన నడిచేది చూపియ్యాలె."

చూస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఒక పెళ్ళిళ్ళ కాలమంతా ఆ మనిషి వెనకే, చేతిలో కెమెరా ఆన్ చేసి పట్టుకుని తిరిగినవాణ్ణి నేను. ఆయన నడక ఎవరి దగ్గరైనా ఉండాలంటే నా దగ్గరే ఉండాలి.

ఆ నడక సంగతి చెప్పాలి. కుడి భుజం కాస్త పైకి లేచి, మెడ ఎడమకి ఒరిగి ఉండేది. భుజం మీద కెమెరా ఉన్నా లేకున్నా అంతే. కూరగాయలకు వెళ్ళినా అదే నడక, దవాఖానలో మందుల కోసం నిలబడినా అదే ఒరుగు. చాయ్ ఎప్పుడూ ఎడం చేత్తోనే తాగేవాడు. కుడిచెయ్యి కెమెరాదని లెక్క. ఎవరైనా ముఖ్యమైన మాట చెబుతుంటే ఎడమకన్ను గట్టిగా మూసేసి కుడికంటితో చూస్తూ వినేవాడు. నాకు పెళ్ళి కుదిరిందని చెప్పినప్పుడు కూడా అలాగే కన్ను మూశాడు. నన్ను ఆట పట్టించడానికి కన్ను కొడుతున్నాడనుకుని నేను తెగ సిగ్గుపడ్డాను. తీరా చూస్తే మనిషి మహా శ్రద్ధగా వింటున్నాడు.

ఆయనకి పేరు లేక కాదు గానీ, మాదాపూర్, కొండాపూర్, కోకాపేట దాకా అందరికీ ఆయన వీడియో అన్న. లగ్గం పెట్టుకుంటే ముందు పంతులు, తర్వాత వీడియో అన్న, ఆ తర్వాతే వంటవాళ్ళు. భుజం మీద ఎత్తుకునే పెద్ద కెమెరా, పుస్తకమంత క్యాసెట్ పట్టేది. దాని కింద, భుజానికి ఒత్తుకోకుండా, భార్య కుట్టిచ్చిన చిన్న మెత్త. పెళ్ళిపందిట్లో జనం కిక్కిరిసి ఉన్నప్పుడు ఆయన వెనకనుంచి వచ్చి ఒక్కటే మాట అనేవాడు, "తొవ్వ, తొవ్వ!" అంతే, పట్టుపంచెలు పక్కకి జరిగేవి. మేనమామలు, ముత్తయిదువలు, ఊరి పెద్దలు, అలిగి కూర్చున్న వియ్యంకుడు, అందరూ జరిగేవాళ్ళు. మా గుంటూరు వైపు కూడా తోవ అనే మాట ఉంది గానీ, ఆ ఒత్తు లేదు. మహిమంతా ఆ ఒత్తులోనే ఉందని అప్పట్లో నా అనుమానం.

నేను జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలేసి వీడియో పనిలోకి దిగిన కొత్త రోజులవి. ఎవరి కిందా జీతానికి కాకుండా సొంతంగా చేసుకుందామని ఉబలాటం. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి బిల్డింగు అప్పుడే లేచింది. అందులో ఆఫీసులు తెరుచుకుంటున్నాయి, ప్రారంభోత్సవాలు, మీటింగులు, ఎవరో ఒకరు వీడియో తీయాలి కదా, ఆ ఎవరో ఒకరు నేనే ఎందుకు కాకూడదూ అనుకున్నాను. కెమెరా కొనాలి. ఏది కొనాలో తెలియదు. ఆయన్ని అడిగితే తానే వస్తానన్నాడు.

"మీకెందుకండి శ్రమ" అన్నాను.

"అండి గిండి బంద్ జెయ్ తమ్మి. గా గౌరవమేదో కెమెరాకియ్యి."

కోఠీలో వీడియో సామాను దుకాణానికి వెళ్ళాం. షాపతను ఒక్కో కెమెరా తీసి బల్ల మీద పెడుతుంటే నేను కాగితాలు చదువుతున్నాను, ఆయన ఒక్కోదాన్ని ఎత్తి భుజాన పెట్టుకుని దుకాణంలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తున్నాడు. నడుస్తూ ఊరుకోలేదు, గొంతెత్తి "తొవ్వ, తొవ్వ" అన్నాడు. రేడియో కొనడానికి వచ్చిన ముసలాయన ఉలిక్కిపడి గోడకి అంటుకుపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరీయన అని షాపతను కళ్ళతోనే అడిగితే, తెలిసినాయనండి అని గొణిగాను. మా అన్న అని ఎందుకనలేదో మరి.

ఆఖరికి షాపతను అల్మారా లోపలినుంచి కొత్తగా వచ్చిన చిన్న డిజిటల్ కెమెరా తీశాడు. అరచేతిలో పట్టేసింది. దాని క్యాసెట్ అగ్గిపెట్టెంత. టీవీకి తగిలించి తన మొహం తానే తీసి చూపించాడు. పాన్ నమిలిన అతని పెదాల ఎరుపు, చెవి మీద వెంట్రుకలు, చెవి మడతలో అత్తరు దూది, అన్నీ కనిపించాయి. పెద్ద కెమెరాలో అదే మొహం ఉతికిన గుడ్డలా వెలిసిపోయి ఉంది. పైగా ఈ చిన్నదాన్ని కంప్యూటర్‌కి కలపొచ్చట. గుండ్రటి బిల్డింగు వాళ్ళకి కావలసింది అదే.

ఆయన టీవీ ముందు ఎడమకన్ను మూసుకుని నిలబడిపోయాడు. చిన్న కెమెరాని అరచేతిలో పెట్టుకుని ఎగరేసి పట్టుకున్నాడు. షాపతను లబోదిబోమన్నాడు.

"బొమ్మ మస్తున్నది తమ్మి. అబద్ధమెందుకు. కానీ బరువు లేదు. బరువు లేకుంటే ఎవడూ తొవ్వ ఇయ్యడు."

నేను నవ్వేశాను. చిన్నదే కొన్నాను.

మొదటి పెళ్ళి కొండాపూర్‌లో, మా వైపు వాళ్ళదే. కెమెరా చేత్తో పట్టుకుని దర్జాగా వెళ్ళాను. గుమ్మంలో పన్నీరు చల్లి, "మగపెళ్ళివారి తరఫా అండి? టిఫిన్లు అటు" అన్నారు. మండపం దగ్గరికి వెళ్తే పెళ్ళికూతురి పెదనాన్నగారు నన్నే అడిగారు, "వీడియో వాళ్ళు ఇంకా రాలేదేమిటండి, ముహూర్తం ముంచుకొస్తోంది" అని.

"నేనేనండి వీడియో."

ఆయన నా చేతిలోకి చూసి ముద్దుగా నవ్వారు. "సరదాకి తీసుకుందువుగాని లేవయ్యా. ముందు అసలు వాళ్ళని రానీ."

అసలు వాళ్ళు రాలేదు. మంగళసూత్రం కట్టే వేళకి బంధువులంతా ఒక్కసారి మండపం మీదికి వంగారు. నేను "దారి, కొంచెం దారండీ" అని బతిమాలుతూనే ఉన్నాను. క్యాసెట్ వేసి చూపిస్తే భజంత్రీలు మోగుతున్నాయి, అక్షింతలు పడుతున్నాయి, తెర నిండా మాత్రం ఎవరిదో సిల్కు చొక్కా వీపు. వీపు బొమ్మ మాత్రం అద్దంలా వచ్చింది. పెదనాన్నగారు అది చూసి నాకేసి చూసిన చూపుకి నేను భూమిలోకి దిగిపోయాను.

ఈ కథ మాదాపూర్ చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆయన నా గదికి వచ్చాడు. దెప్పుతాడనుకున్నాను. దెప్పలేదు. మంచం అంచున కూర్చుని, తన కెమెరా హెడ్డు అరిగిపోయిందనీ, ఏది తీసినా బొమ్మలో మంచు కురుస్తోందనీ, బాగుచేసేవాళ్ళు ఇక సామాను దొరకదన్నారనీ నెమ్మదిగా చెప్పాడు. ఎదురింటి గోడకేసి చూస్తూ చెప్పాడు.

"గిట్ల జేద్దాం తమ్మి. నేను ముంగట పోత. లైటు ఏస్త. జనాన్ని జరుపుత. టేపు లేకుంటె ఏంది, ఎవనికి ఎరుక? నువ్వు నా ఎనుక నుంచి బొమ్మ తియ్యి. నీకు తొవ్వ కావాలె. నాకు..."

నాకు ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. పని పోయిన మనిషి దగ్గర కూర్చుని నా పని కుదిరిందని లోలోపల సంబరపడుతున్నాను.

అలా మొదలైంది. ఖాళీ కెమెరా భుజాన వేసుకుని ఆయన ముందు, అరచేతిలో కెమెరాతో నేను వెనక. లైటు మాత్రం నిజం, ఆయన కెమెరా నెత్తి మీద బిగించినది. రికార్డు అవుతోందని చూపించే ముందరి ఎర్రదీపం ఎప్పుడో మాడిపోయింది. దాని మీద భార్య బొట్టుబిళ్ళ ఒకటి అంటించాడు, ఎర్రటిది, గుండ్రటిది. చెమటకి ఊడిపోతే ఇంకొకటి. జేబులో బొట్టుబిళ్ళల అట్ట ఎప్పుడూ ఉండేది. ఒకసారి ఆడపెళ్ళివారి ఇంట్లో ఆ అట్ట జారి కిందపడితే, పెళ్ళికూతురి మేనత్త తీసిచ్చి ఆయన్ని అదోలా చూసింది. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు గానీ కారణం చెప్పలేకపోయాడు.

జనం ఆయనకేసి చూసేవాళ్ళు. "అమ్మా, జర గిటు చూడుండ్రి. నవ్వుండ్రి, ఏడ్సేదానికి ఇంక టైమున్నది" అంటుంటే పెళ్ళికూతుళ్ళు పకాలున నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నేను పక్కనుంచి పట్టేవాణ్ణి. ఎవరూ నావైపు చూడరు కాబట్టి ఎవరూ బిగుసుకుపోరు. అబ్బ, ఎంత సహజంగా తీశావయ్యా అని అందరూ మెచ్చుకున్నారు. నా పేరు గుండ్రటి బిల్డింగు దాకా వెళ్ళింది. ఫ్రేములోకి ఆయన భుజమో లైటో వస్తే మిక్సింగ్‌లో కోసేసి, అసలు టేపు మీద తర్వాతి పెళ్ళి తీసేవాణ్ణి. ఆయన గొంతు పడితే దాని మీద సినిమా పాట వేసేవాణ్ణి. "మనం కనవడొద్దు తమ్మి, మనది కనవడాలె" అని ఆయనే నేర్పాడు. నేను మాత్రం చాలా శ్రద్ధగా నేర్చుకున్నాను.

ఆ కాలం చివర్లో మాదాపూర్‌లోనే ఒక లగ్గం. ఊళ్ళో పాత కాపు కుటుంబం, పెళ్ళికూతురు వాళ్ళ తాతకి ఆ గుట్టల మధ్యే ఒకప్పుడు చేను ఉండేది. లోపల నేను అప్పగింతలు తీస్తున్నాను. ఏడుపులకి లైటు వద్దు, ఇంట్లో ట్యూబులైట్లు చాలన్నానని ఆయన నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళాడు, భుజం మీద కెమెరాతోనే. షామియానా కింద ఒంటరిగా కూర్చున్న తాత ఆయన చెయ్యి పట్టుకున్నాడట.

"నాది గూడ తియ్యి బిడ్డా. మనవరాలికి ఒక మాట చెప్పాలె."

తీయడం కుదరదు అనాలంటే ఎందుకో చెప్పాలి. ఆయన కన్ను గొట్టానికి ఆనించి నిలబడ్డాడు. తాత మాట్లాడాడు. ఆ గుండ్రటి బిల్డింగు చుట్టూ, రోడ్ల కోసం పేల్చేసిన గుట్టల మీద ప్రతి బండకీ ఒక పేరుండేదట. చేను ఇక్కడ, బండ అక్కడ అని చెబుతూ ఆ పేర్లన్నీ వరసగా చెప్పాడు. ఏ బండ నీడలో తన భార్య అన్నం మూట విప్పేదో చెప్పాడు. నువ్వు పోయే ఊళ్ళో ఎవరన్నా నీది ఏ ఊరు అంటే ఈ పేర్లు చెప్పు బిడ్డా అని మనవరాలికి చెప్పాడు. అంతా చెప్పి, కండువాతో మొహం తుడుచుకుని అడిగాడు.

"ఒచ్చిందా బిడ్డా?"

"ఒచ్చింది తాతా."

నేను బయటికి వచ్చేసరికి ఆయన నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నాడు. కెమెరా కింద, మట్టిలో పెట్టి ఉంది. ఆయన కెమెరాని మట్టిలో పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. జరిగింది చెప్పి, "ఒచ్చింది అన్న తమ్మి. నా నోటితోటి ఒచ్చింది అన్న" అని అదే మాట అంటూ కూర్చున్నాడు.

క్యాసెట్ ఇచ్చే రోజు దగ్గరపడింది. నేను ఉపాయం చెప్పాను. కెమెరా టేపు నమిలేసిందని చెబుదాం, అందరికీ జరిగేదే, ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను. ఆయన ఎడమకన్ను మూసి విన్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

ఆ ఇంటికి ఇద్దరం వెళ్ళాం. పెద్ద కెమెరా ఎందుకు తెస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు, తాతకి కుర్చీ వేశారు. నేను ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే ఆయన కెమెరాని తాత ఒళ్ళో పెట్టాడు. గోరుతో బొట్టుబిళ్ళ గీకి తీసి, తాత అరచేతిలో అంటించాడు.

"ఇండ్ల టేపు లేదు తాతా. ఖాళీ డబ్బా ఇది. లైటు తప్ప ఏం పని జెయ్యది. నీ మాట రాలేదు."

తాత కొడుకు లేచాడు. "ముసలాయనతోటి ఆటలాడ్తర? పదిమంది ముంగట ఖాళీ డబ్బా పట్టుకొని మా ఇజ్జత్ తీస్తర?" అని మీద మీదికి వచ్చాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. అలవాటైన చోటు కదా.

తాత కొడుకుని ఆపాడు. అరచేతిలో బిళ్ళ చూసుకుంటూ, "ఖాళీదైతే మరి గంతసేపు ఎందుకు నిలవడ్డవ్‌రా?" అన్నాడు.

"నువ్వు చెప్తున్నవ్. నడుమల ఎట్ల ఆపుత?"

"ఇన్నవా?"

"ఇన్న తాతా. తాబేలు బండ. అత్తాకోడండ్ల బండ. కూసున్న బండ." అక్కడితో ఆగిపోయాడు. పెదాలు కదుపుతున్నాడు, నాలుగో పేరు రావడం లేదు. తలెత్తి తాతని చూడలేక నేలని చూస్తున్నాడు.

నాకు అప్పుడు బుద్ధి పుట్టింది. సంచీలోంచి నా కెమెరా తీసి, "తాతగారూ, మళ్ళీ ఒక్కసారి చెప్పండి, ఇందులో బాగా వస్తుంది" అన్నాను. తాత నా అరచేతిలోకి చూశాడు. ఒళ్ళో ఉన్న పెద్ద కెమెరాకేసి చూశాడు. అంత బరువు పట్టుకుని తన ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పిన మాట అది.

"గా చిన్నదానికి నేనేం జెప్పాలె?" అని మొహం తిప్పుకున్నాడు.

పుట్టింటికి వచ్చి ఉన్న మనవరాలు అడిగింది, కొడుకు అడిగాడు. తాత మళ్ళీ నోరు విప్పలేదు. ఆ బండల పేర్లు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియవట.

ఆ తర్వాత ఆయన కెమెరాని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. గుండ్రటి బిల్డింగు వెనక భార్య పెట్టిన టిఫిన్ బండి దగ్గర పూరీలు వేస్తూ ఉండేవాడు. నేను అటు వెళ్ళడం తగ్గించాను. పని ఎక్కువైందని చెప్పుకునేవాణ్ణి. నిజం ఏమిటంటే, ఆయన మొహం చూస్తే నాకు నా ఉపాయం గుర్తొచ్చేది.

ఆఖరిసారి చూసింది వాళ్ళ బస్తీలోనే ఒక పెళ్ళిలో. నేను వీడియో, ఆయన చుట్టం. జనంలో ఇరుక్కుపోయి దారండీ దారండీ అంటూ నిలబడ్డాను. పక్క వరసలోంచి ఆయన లేచాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, భుజం మీద ఏమీ లేదు, అయినా భుజం అలాగే లేచి ఉంది. "తొవ్వ, తొవ్వ!" అన్నాడు. జనం జరిగారు, ఒట్టి భుజానికే జరిగారు. నేను ఆ దారిన గబగబా మండపం దగ్గరికి వెళ్ళిపోయాను. వెళ్ళిన పని అయ్యాక వెనక్కి చూస్తే ఆయన లేడు. అప్పుడు కూడా నా కెమెరా ఆన్ అయ్యే ఉంది, మండపం వైపు.

కూతురు అడిగాక, మిగిలిన పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కొక్కటే చూశాను. ఒక్క ఫ్రేములో కూడా ఆయన లేడు. అంత నీటుగా కోశాను.

ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. చాయ్ ఎడం చేత్తో అందుకుంది. "దొరికిండా కాకా?" అంది. పాత టేపులు కదమ్మా, బూజు పట్టేశాయి అనే మాట నోటి దాకా వచ్చింది. ఎవరూ తప్పుపట్టని మాట, అందరి టేపులకీ జరిగేదే. నా కళ్ళ ముందు ఆ ఎర్రబిళ్ళ కదిలింది.

"బూజు పట్టలేదమ్మా. టేపులన్నీ బాగానే ఉన్నాయి. మీ నాన్నని నేనే తియ్యలేదు, పొరపాటున పడ్డ కాస్తా కోసేశాను" అన్నాను.

ఏదో ఒకటి చూపించాలి కదా అని ఒక పెళ్ళి పెట్టాను. తెర మీద పెళ్ళికూతురు మా ఇద్దరినీ దాటి పక్కకి చూస్తూ నవ్వుతోంది. ఆమె వెనక పేరంటాళ్ళు, పిల్లలు, తలపాగా పెద్దమనిషి, అందరూ అటే చూస్తున్నారు.

"వాళ్ళందరూ చూసేది మీ నాన్ననే అమ్మా. ఆ మొహాల మీద పడుతున్న వెలుతురు కూడా ఆయనదే."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి టీవీకి దగ్గరగా జరిగింది. వాళ్ళు చూస్తున్న వైపుకి మెడ ఒరిగించి, టీవీ అంచు అవతల ఏమైనా కనిపిస్తుందా అన్నట్టు వంగి చూసింది. అచ్చం ఆయన ఒరుగే. చాలాసేపు అలాగే చూసి, నావైపు తిరక్కుండానే అడిగింది.

"జర గిటు తిప్పకపోయినవా కాకా?"